వదులు చేసిన నడుము

వీధిలో అందరికీ ఆమె కాజాలమ్మ. భర్త, టైలరు మాస్టారు, కత్తిరించి మిషను తొక్కితే, ఆమె పక్కన కూర్చుని కాజాలు తీసి బొత్తాలు కుడుతుంది. పెళ్ళయిన నాటి నుంచీ అదే పని, అవే పోట్లాటలు.

ఆ మధ్య మాస్టారు తన ప్యాంటు నడుము తనే విప్పి వదులు చేసుకున్నాడు. కొన్నాళ్ళకి మళ్ళీ విప్పాడు. "చూశావా, ఒళ్ళు చేశాను. నీ వంట ఇన్నాళ్ళకి ఒంటబట్టింది," అని వేళాకోళం. ఆమె మురిసిపోయింది. చెప్పులు బిగుతయితే ఇద్దరూ కలిసి చెప్పులవాణ్ణి తిట్టారు. పడుకుంటే తల కింద దిండు మీద దిండు చేరి, చివరికి ఆయన మంచమే మానేసి కుర్చీలో కునుకు తీస్తుంటే గానీ ఆమెకు అనుమానం రాలేదు.

ఆసుపత్రికి లాక్కెళ్ళింది. డాక్టరు తలెత్తకుండానే అడిగాడు. "ఆయాసం వస్తోందా?"

"అబ్బే, లేదండీ," అన్నాడు మాస్టారు.

"వయసు కదా పెద్దాయనా, ఇవన్నీ మామూలే." గ్యాసు మాత్రలు రాసి పంపేశాడు.

బయటికి రాగానే ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "మెట్లెక్కడం మానేశారు, బజారుకెళ్ళడం మానేశారు. కదలని మనిషికి ఆయాసం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఉన్నదున్నట్టు చెప్తే నోటి ముత్యాలు రాలతాయా?"

"రాలతాయి. మిషను తొక్కొద్దంటాడు. అప్పుడు నన్ను కూర్చోబెట్టి మేపుతావా?"

ముసలివాళ్ళ ప్రతి బాధకీ వయసని పేరు పెట్టేస్తే ఇక ఆసుపత్రులెందుకు?

ఓ పొద్దున గుడ్డ కత్తిరిస్తూనే మాస్టారు ఊపిరందక బల్ల మీదికి వాలిపోయాడు. మళ్ళీ ఆసుపత్రి. ఈసారి నర్సు ఆయన కాలిమీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట పూడలేదు.

"ఇది ఒళ్ళు కాదమ్మా, నీరు," అంది నర్సు. " గుండె ఆగిపోలేదు, నీరసించింది. రక్తాన్ని సరిగ్గా తోయలేకపోతోంది. అందుకే కాళ్ళలో, పొట్టలో, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. పడుకుంటే ఊపిరాడనిదీ అందుకే. నాలుగు రోజుల్లోనే బరువు పెరిగినా, రాత్రిళ్ళు దగ్గొచ్చినా, చిన్న పనికే అలసిపోయినా వయసని ఊరుకోకండి."

"మొదటిసారి వచ్చినప్పుడే ఎందుకు నొక్కి చూళ్ళేదు?"

"బయట జనం బారు చూశారుగా. ఉన్నది ఒక్క డాక్టరు."

"ఆ బారులోనే మా ఆయనా ఉన్నాడు తల్లీ!"

నర్సు లేచి వెళ్ళి డాక్టర్ని పిలుచుకొచ్చింది.

పరీక్షలు చేశారు, నీరు దిగే మందులిచ్చారు, ఉప్పు తగ్గించమన్నారు. నీరు దిగేసరికి మాస్టారి ప్యాంటు నడుము మీద నిలవడం మానేసింది. మిషను పనీ సగానికి పడిపోయింది. "చప్పిడి కూడొకటి, ఈ నడుం మళ్ళీ బిగించుకోవడమొకటి!" అని రోజంతా సణుగుడే.

కొట్టుకి వచ్చిన కుర్రాడొకడు నొచ్చుకున్నాడు. "అయ్యో మాస్టారూ, బాగా చిక్కిపోయారే!"

"చిక్కలేదు నాయనా, నీరు దిగింది," అంది కాజాలమ్మ. "నువ్వేం తెచ్చావు?"

"మా నాన్న ప్యాంటు పిన్నీ. కాస్త నడుం వదులు చెయ్యాలి. ఈ మధ్య ఒళ్ళు చేశారు."

మాస్టారు చెయ్యి చాపాడు. ఆమె మధ్యలోనే ప్యాంటు లాక్కుని, మడిచి, కుర్రాడి చంకలో పెట్టేసింది.

"కుట్టం. ముందు ఇంటికెళ్ళి మీ నాన్న కాలు నొక్కి చూడు."