బెళుగుప్ప రిజిస్టర్లో కొట్టేసిన పేరు

ఆరోగ్య శాఖ సర్వేకని బెళుగుప్ప పక్క పల్లెల్లో మూడు నెలలు తిరిగి, ఆడోళ్లు కాన్పుకు ఆసుపత్రికి ఎందుకు రారో కనిపెట్టేసినానని నాకు శానా పొగరుండె. నర్సమ్మ రిజిస్టర్లో నెలలు నిండుతాండే తొలిచూలు పేర్లు తొమ్మిది కొట్టేసి ఉండాయి. ఒక్కొక్కరికి నాలుగు పేజీల ఫారం పెట్టి, అన్నిట్లో ‘నిరాకరించినారు, అవగాహన లేదు’ అని రాసేసినా. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. ఆ రిపోర్టు అనంతపురం ఆఫీసులో ఇచ్చేదానికి బుధవారం పొద్దున ఆరుంబావు బస్సెక్కినా. ఆ దోవన పొయ్యేవాళ్లు కిటికీ పక్క కూచోవద్దండి, దిగేతలికి దుమ్ముకు తలంతా నెరిసిపోతాది. నా సీట్లో సగం చెనక్కాయల మూటది.

రెండో స్టేజీలో ఒక నిండు చూలాలు, వాళ్లత్త హనుమక్క ఎక్కినారు. హనుమక్క మూటను కదిలించకుండా నన్ను లేపింది. పిల్ల పేరడిగితే లక్ష్మిదేవి అనింది. కొట్టేసిన పేర్లలో నాలుగోది! నిరాకరించిన మనిషి నా సీట్లోనే కూచోని చింతకాయ నముల్తాండాది.

ఆసుపత్రికి ఎందుకు రాలేదని గట్టిగానే అడిగినా. హనుమక్క నన్ను పిచ్చిదాన్ని చూసినట్ల చూసింది. తొలికాన్పు పుట్టింట్లోనే గదా, ఎనిమిదో నెల్లో గడప దాటకూడదు గదా, తొమ్మిది పడింది కాబట్టి పుట్టినూరు నల్లమాడకు తోలుకపోతాండాను, ఇంత సదువుకొని ఇది తెలీదా అనింది. అందరిదీ తొలిచూలే, తొమ్మిదిమందీ అంతే. పుట్టింటికి పొయ్యే పిల్లే గదాని ఈ ఊరి నర్సమ్మ కొట్టేస్తాది, ఆ ఊరి నర్సమ్మకు తెలీనే తెలీదు. సంచిలో రిపోర్టు ఉండాదంటే నాకే సిగ్గేసింది.

అప్పుడు చూసినా, పిల్ల కాళ్లు వాచి చెప్పులు పట్టక సంచిలో పెట్టుకోనుండాది. రెండు దినాల్నుంచి తలనొప్పంట. కళ్యాణదుర్గంలో బస్సు ఆగినంక, సర్వేకిచ్చిన బీపీ మిషను తీసినా. నూట డెబ్భై. మళ్లీ కట్టి చూసినా, అంతే. తలెత్తితే ఎదురుగా చొక్కా చెయ్యి మడుచుకొని కండక్టరు, ఆయన వెనకాల ఇంకో నలుగురు. అందర్నీ తిట్టి కూచోబెట్టినా.

అనంతపురంలో దిగి పెద్దాసుపత్రికి పోదామన్నా. హనుమక్క ఒప్పుకోలేదు.

“తొలికాన్పు వాళ్లమ్మ చెయ్యాల. మేం ఈడ చేపిస్తే, కోడల్ని అంపలేదని నల్లమాడంతా మా మొగాన ఉమ్ముతాది.”

“ఈ బీపీకి ఫిట్స్ వస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారు హనుమక్కా,” అన్నా. అంతకంటే మెత్తగా చెప్పే ఓపిక నాకు లేకపాయె.

తొమ్మిదిన్నరకు బస్టాండులో దిగినాక ఆయమ్మ నా రెక్క పట్టుకొని ఎస్టీడీ బూతుకు ఈడ్చకపోయింది. నల్లమాడలో శెట్టి అంగడికి ఫోను చేపించి, “వియ్యపరాలికి చెప్పప్పా, కోడలు వచ్చేకి కాదు, పుట్టినిల్లే ఈడికి, పెద్దాసుపత్రికి రావాల,” అనింది.

పిల్లను చేర్చినాం, మందులు మొదలుపెట్టినారు. పుట్టినిల్లు మూడు గంటల బస్సుకు దిగింది. పిల్ల తల్లి వాము, వెల్లుల్లి, పాతచీరలు, ఒక బతికిన కోడి తెచ్చింది. మంచం కింద చాప పరిచి ఇదే మా యిల్లు అనేసింది. కోడి కాడ వాచ్‌మన్ అడ్డం పడినాడు గానీ, ఆయమ్మ నోటికి ఆయన ఆనలేదు.

మరుసటి దినం తొమ్మిదికి పోతే ఆడబిడ్డ పుట్టిండాది. ముక్కు ఎవరిదని అవ్వలిద్దరూ కొట్లాడుకుంటాండారు. లక్ష్మిదేవి కండ్లు తెరిచి నన్ను చూసి నవ్వింది. నేను వరండాలోకి పోయి ఏడ్చినా.

ఆఫీసుకు పోకుండానే బెళుగుప్పకు పదకొండు గంటల బస్సు పట్టినా. కొడుక్కు చెప్పల్లని హనుమక్కా ఎక్కింది. రిపోర్టులోంచి లక్ష్మిదేవి ఫారం తీసి ‘నిరాకరించినారు’ కొట్టేసి, ఊరి గడి కాడ ఆగిపోయినా. బెళుగుప్పా, నల్లమాడా, అనంతపురమా? ఆయమ్మనే అడిగినా.

“ఊరు తర్వాత రాసుకో. తల్లీ బిడ్డా బతికినారని ముందు రాయి,” అనింది.

ఫారం నాలుగు పేజీలూ తిప్పినా. అది రాసేదానికి గడి యాడా లేదు.