లేబుల్ మీద పేరు

మద్దిలపాలెంలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న పెద్దాయన, నా ఒళ్లో ఉన్న గ్రామఫోను రికార్డులను చాలాసేపు చూశారు.

"రెండూ ఒకే కచేరీ గదా బాబూ, రెండెందుకు?"

ఆ మాట ఎవరైనా అడగాలనే నాలాంటి పిచ్చివాళ్లు కాచుకుని ఉంటారు. కచేరీ ఒకటే అయినా అచ్చులు వేరని చెప్పాను. తర్వాత వేసినదాంట్లో గరగర తక్కువ, కానీ వయొలిన్ మొద్దుబారిపోయింది. మొదటి అచ్చులో కమాను తీగను తాకడం కూడా వినిపిస్తుంది. లేబుల్ మీద గాయకుడి పేరు కింద వయొలిన్ వాయించినావిడ పేరుంది. రెండోదాంట్లో ఎందుకో ఆ పేరు తీసేశారు.

"పాటెలాగుంటాది?"

"పాటకేం, బాగానే ఉంటుంది. నేను మాత్రం ఆవిడ వయొలిన్ కోసమే కొన్నాను."

ఆయన మొదటి అచ్చును చేతిలోకి తీసుకుని, జేబులోంచి చిన్న తాళంచెవి తీసి, ఆవిడ పేరును ఒక్క అక్షరం మిగలకుండా గీకేశారు. పాటున్న గాడుల మీదికి తాళంచెవి జారకుండా జాగ్రత్తపడ్డారు. లేబుల్ మీద ఆ తెల్లటి గీతలు ఇప్పటికీ ఉన్నాయి.

"ఏం పనండీ ఇది!" అని రికార్డు లాక్కున్నాను.

"మా ఇంటిదే. సభలో సప్పట్లన్నీ దానికే కొట్టీవోరు. ఫిడేలు పెట్టెకి తాళమేసీసాను. ఇదే ఆ తాళంసెవి."

"ఆవిడేమీ అనలేదా?"

"ఏటంటాది? వంట సేత్తాది."

సింహాచలంలో దిగబోతూ, నా చేతిలోని రికార్డు వైపు మళ్లీ చూశారు.

"ఫిడేలు కూడా గీకీద్దును గానీ బాబూ, గీకితే నా పాట కూడా పోతాది."