చావుకు ఊదిన క్లారినెట్టు

మీకు ఎంతో నచ్చిన వాయిద్యగాడి ఇంట్లో మీరెప్పుడైనా ఒక గ్లాసు మంచినీళ్లు తాగారా? నా వయసు వాళ్లనే అడుగుతున్నాను, ఎందుకంటే బ్యాండు చప్పుడు వినబడితే పనులు వదిలేసి వీధిలోకి పరుగెత్తిన తరం మనది. మొన్న కరీంనగర్‌లో కూరగాయల సంచీతో ఇంటికి వస్తుంటే ఒక పెళ్లి బరాత్ అడ్డం వచ్చింది. బండి మీద నిలువెత్తు స్పీకరు పెట్టెల్లోంచి పాట దద్దరిల్లిపోతోంది, దాని ముందు ఒక నడివయసు మనిషి క్లారినెట్టు ఊదుతున్నాడు, ఆ హోరులో అతని పాట అతనికైనా వినబడుతోందో లేదో తెలియదు. అతని చెంపలు ఉబ్బడం, తగ్గడం చూస్తూ పక్కకు నిలబడిపోయాను. మా మేనమామ గుర్తొచ్చాడు.

మా వాడ ధర్మపురికి ఇవతల, గోదావరికి దగ్గర్లో ఉండేది. డప్పును ఈనాడు కళ అంటున్నారు, సంతోషమే, కాని నిజాం రోజుల్లో మా కులానికి అది ఒట్టి చాకిరీ. ఊళ్లో ఎవరు చచ్చినా మా తాత, అంటే మా తల్లికి తండ్రి, గడ్డిమంట మీద డప్పు కాచుకుని శవం ముందు నడవవలసిందే, కూలి అడిగే నోరు ఆయనకు లేదు. పోలీసు చర్య తర్వాత ఆ వెట్టి మెల్లగా సడలింది. హైదరాబాదులో ఒక బ్యాండు దుకాణంలో ఊడుస్తూ తుడుస్తూ క్లారినెట్టు నేర్చుకున్న మా మేనమామ, ఆ రోజుల్లోనే సొట్టలు పడిన బాకాలు కొన్ని మూటగట్టుకుని తిరిగివచ్చి, వాడలో డప్పు కొట్టే చేతులనే కూర్చోబెట్టి బ్యాండు కట్టాడు. తాళం వాళ్లకు పుట్టుకతో వచ్చింది కాదు, అలాంటి మాటలను నేను ఒప్పుకోను. చిన్ననాటి నుంచీ మా తాత ఒక్కొక్కరి మణికట్టు పట్టుకుని నేర్పితే వచ్చింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నాకు బడిపంతులు ఉద్యోగం వచ్చింది, దానితో పాటు బ్యాండు పేరు నలుగురికీ తెలిసేలా చేసే పని కూడా నా నెత్తినే పడింది. సెలవు దొరికితే చాలు, సున్నం డబ్బా పట్టుకుని గోడల మీద రాసేవాణ్ణి. అంగడి రోజున రేకు గొట్టం నోటికి పెట్టుకుని అరిచేవాణ్ణి. దేవుణ్ణి నమ్మని నేను కొండగట్టుకు పోయినన్నిసార్లు భక్తులు కూడా పోయి ఉండరు, అన్ని ఊళ్ల జనం కలిసే చోటు అదే కనుక గుట్ట కింద బస్సులు ఆగే జాగాలో ఊరికే వాయించేవాళ్లం, దర్శనం చేసుకుని దిగినవాళ్లు ప్రసాదంతో పాటు మా బ్యాండు మాటను కూడా తమ ఊళ్లకు మోసుకుపోయేవాళ్లు. కరీంనగర్‌లో కొత్త సినిమా పడితే మామా నేనూ పోయి నేలటిక్కెట్టులో కూర్చునేవాళ్లం. ఆయన మోకాలి మీద వేళ్లు ఆడిస్తూ వరస పట్టుకునేవాడు, నేను మాటలు పట్టుకునేవాణ్ణి, ఆ సినిమా మా వైపు డేరా టాకీసుకు రాకముందే దాని పాట మా బ్యాండులో మోగేది. పక్క ఊరి సాలెవాళ్లు మగ్గాలు ఆపి మరీ వచ్చేవాళ్లు. వాళ్లలో ఒక పెద్దమనిషి, మేము ఎక్కడ వాయించినా ముందు వరసలో నిలబడి, కళ్లు మూసుకుని తలూపుతుండేవాడు.

పేరు పెరిగిన కొద్దీ పెద్దిళ్ల పెళ్లిళ్లు వచ్చాయి, వాటితో పాటే ఒక షరతూ వచ్చింది. శవం ముందు మోగిన వాయిద్యం పెళ్లి పందిట్లోకి రాకూడదు. మామ ఒప్పుకున్నాడు, మేము చావులకు పోమని అందరికీ చెప్పుకున్నాడు. నేను ఊరుకోలేదు, ఊదే ఊపిరి ఒకటే అయినప్పుడు శుభమేమిటి, అశుభమేమిటని రోజూ వాదించేవాణ్ణి. ఆయన క్లారినెట్టు రీడు తుడుచుకుంటూ ఒకనాడు నింపాదిగా అన్నాడు: “నీకు నెల తిరిగితే జీతం వస్తది అల్లుడా. నీ వాదంతోని వీళ్ల పొయ్యి మండుతదా చెప్పు.”

మా తాత మాత్రం ఆ షరతును లెక్కచేయలేదు. అరుగు మీద కూర్చుని కొడుకును ఎత్తిపొడిచేవాడు: “ఊరందరి లగ్గాలకు ఊదుతున్నవు. ఇగ నా లగ్గం ఒక్కటే మిగిలింది బిడ్డా, నలుగురు మోసుకపోయేది. గప్పుడు నువ్వు రాకపోతే నేను లేవ.” అందరం నవ్వేవాళ్లం. కాని ఆయన నవ్వుతూనే నిజం అడుగుతున్నాడని మామకు తెలుసు. జీవితమంతా ఊరి పీనుగుల ముందు నడిచిన మనిషి, తన ముందు ఎవరు నడుస్తారని అడగడం తప్పా?

ఆయన పెళ్లిళ్ల రోజుల్లోనే పోయాడు. మంథని వైపు ఒక దొర ఇంటి పెళ్లికి అప్పటికే మాట ఇచ్చి ఉన్నాం, ఆ పెళ్లి చేస్తే ఏడాదంతా ఆ చుట్టుపక్కల మాకు తిరుగులేదు. కబురు తెలిసి దొర మనిషి సైకిలు మీద వచ్చి, వాడ మొదట్లోనే నిలబడి మామను పిలిచాడు. “మీ మైల తీరినంకనే లగ్గం, గది ఫికర్ లేదు. కని పీనిగె ముంగట ఊదిన బాకా పందిట్లకు రావద్దన్నడు దొర. డప్పుతోని సాగనంపుండ్రి, ఎవలద్దంటరు?” అన్నాడు. చూశారా తర్కం! కన్నకొడుకుకు పట్టిన మైల పదోనాటికి పోతుందట, కర్రముక్కకు పట్టిన మైల ఎన్నటికీ పోదట.

మామ తిరిగివచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడు, ఎవరి ముఖమూ చూడలేదు. పెద్ద డ్రమ్ము కొట్టే మా చిన్నాయన గడ్డి పోగేసి మంట పెడుతూ అన్నాడు: “ముసలోడే గద మాకు దెబ్బ నేర్పింది. ఊదు బావా. పస్తులు మనకు కొత్తనా?”

మామ పెట్టె తెరిచాడు. పాడె లేచింది, డప్పులు చావు దరువు అందుకున్నాయి, ఆ దరువు మీద ఆయన పెళ్లికూతురి అప్పగింతల పాట ఊదాడు. బొందలగడ్డ దాకా ఆపలేదు. గుంటలో మన్ను వేయడానికి చెయ్యి చాచినప్పుడు కూడా రెండో చేతిలో క్లారినెట్టు ఉంది. అంత బాగా ఆయన మళ్లీ ఊదగా నేను వినలేదు.

పక్క ఊరివాళ్లు రోడ్డు మీదే నిలబడి విన్నారు, వాడలోకి ఒక్కరూ రాలేదు. కొన్నాళ్లకు అంగడిలో ఆ సాలె పెద్దమనిషి నా చెయ్యి పట్టుకున్నాడు. “మీ మామ ఆనాడు ఊదుతుంటే కండ్ల నీళ్లు ఆగలే పంతులూ. కని మా బిడ్డ లగ్గానికి వేరేటోళ్లను మాట్లాడిన. ఇంట్ల ఆడోళ్లు ఒప్పుకుంటలేరు, మనసుల పెట్టుకోకు,” అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, అదే నా బాధ. చెడ్డవాళ్లతో అయితే పోట్లాడవచ్చు. దొర పెళ్లి పోయింది, దాని వెనకే మిగతావీ పోయాయి. నేను వాదించాను, పత్రికలకు రాశాను, కొండగట్టు కింద మళ్లీ ఒంటరిగా గొట్టం పట్టుకుని అరిచాను. విన్నవాళ్లు తలూపారే తప్ప పిలిచినవాళ్లు లేరు. బ్యాండు చెదిరిపోయింది, ఒకరు బొంబాయి మిల్లులకు, ఒకరు పాలేరుతనానికి. మామ బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనికి పోయాడు. ఆ దుమ్ముకు రొమ్ము పాడై, ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు పెట్టె తెరిచి క్లారినెట్టు నోట పెట్టుకుని, దగ్గు తెరలు ఆగక, నవ్వి మూసేశాడు.

ఈనాడు బ్యాండ్లకు జరీ కోట్లున్నాయి, లైట్ల గొడుగులున్నాయి. అవి చూసి లోకం మారిందని మన తరం వాళ్లు నిట్టూరుస్తుంటారు, నాకు మాత్రం అది సరిపడినంత మారలేదనిపిస్తుంది. పాటను ప్రేమించడం మనకు ఎప్పుడూ కష్టం కాలేదు, పాడిన ఊపిరికి కూడా ఒక తండ్రి ఉంటాడని ఒప్పుకోవడమే కష్టమైంది. నన్ను చదివి తలూపకండి, తలూపినవాళ్లను చాలామందిని చూశాను. ఈసారి మీ వీధిలోంచి శవం ముందు ఏ బ్యాండు పోతుందో, ఆ బ్యాండు మనిషిని ఆపి పేరడగండి. మీ మనవరాలి పెళ్లికి అతన్నే పిలవండి. పందిట్లో, అందరూ చూస్తుండగా, మీ పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినండి.