మాటలు చూసిన టైలరమ్మ

ఆ వీధిలో పాత బట్టలు సరిచేసే చిన్న కొట్టు టైలరమ్మది. మిషను వాకిలికి ఎదురుగా వేసుకుని కూర్చునేది. వచ్చినవాళ్ల ముఖం సూటిగా కనబడితేనే ఆమెకు పని జరిగేది. బడికి వెళ్లే వయసులో వచ్చిన జ్వరం చెవులు రెండూ తీసుకుపోయింది. అప్పటికే చదవడం, మాట్లాడటం వచ్చేశాయి కనుక గొంతు మాత్రం మిగిలింది. ఎదుటివాళ్ల పెదాలు చూసి సగం, ఊహించి సగం అర్థం చేసుకుంటూ బతుకు నెట్టుకొచ్చింది. నడుము వదులు చేయమంటే చేతులు పొట్టి చేసి ఇచ్చిన రోజులూ లేకపోలేదు.

వీధి చివరి మేడ మీద కొత్తగా ఒక స్టార్టప్ కంపెనీ వెలిసింది. అందులో పనిచేసే అమ్మాయి ఒకసారి ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చింది. మాట్లాడుతున్నంతసేపూ టైలరమ్మ చూపు తన పెదాల మీదే ఉండటం కనిపెట్టింది. మర్నాడు ఒక కళ్లద్దాల పెట్టె పట్టుకుని మళ్లీ వచ్చింది.

"ఒక్కసారి పెట్టుకుని చూడండి ఆంటీ. మేమే తయారుచేస్తున్నాం."

టైలరమ్మ మొహమాటపడుతూనే పెట్టుకుంది. ఆ అమ్మాయి ఆమె వెనక్కి వెళ్లి నిలబడింది. అంతే, గాలిలో ఎవరో రాస్తున్నట్టు కళ్లముందు లేతాకుపచ్చ అక్షరాలు పొడుచుకొచ్చాయి.

"నేను మీ వెనకాల ఉన్నాను ఆంటీ. తెలుస్తోందా?"

టైలరమ్మ చేతిలోని కత్తెర జారి కింద పడింది. "ఏదో పడిన చప్పుడు" అని అదీ రాసింది అద్దం. ఇన్నేళ్లుగా ఆమె లోకమంతా ముందువైపే ఉండేది. వీపు వెనక మనుషులున్నారని తెలుసు గానీ, మాటలున్నాయని మరిచేపోయింది.

వాడి చూసి ఎలా ఉందో చెబుతూ ఉండమని కళ్లద్దాలు ఆమె దగ్గరే వదిలి వెళ్లింది ఆ అమ్మాయి. సాయంత్రం కొట్టు కట్టేసి ఇంటికి నడుస్తుంటే దారి పొడవునా అక్షరాలే. గొడుగు ఎందుకు తేలేదని ఒకామె మొగుణ్ణి నిలదీస్తోంది. నిన్న చెప్పానుగా, చెప్పలేదు, చెప్పాను అంటూ ఇద్దరు వాదులాడుకుంటున్నారు. చెవులున్నవాళ్లు ఏవో పెద్ద పెద్ద సంగతులు మాట్లాడుకుంటారని ఇన్నాళ్లూ అనుకుంది. ఇంత అల్పమైన కబుర్లా! అయినా నడక సాగలేదు. నోరెళ్లబెట్టి, దుకాణం అరుగు మీద కూర్చుని అలా చదువుతూ ఉండిపోయింది.

ఇంట్లో మాత్రం చిత్రం జరిగింది. కళ్లద్దాల సంగతి తెలిసేసరికి అందరూ నోళ్లు కట్టేసుకున్నారు. ముఖ్యంగా అత్తగారు. పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఎప్పుడూ ఏదో ఒకటి అంటూ ఉండే మనిషి ఒక్కసారిగా గప్‌చుప్.

"నాన్నమ్మ నోటికి తాళం పడింది చూశావా అమ్మా?" అని కూతురు కిసుక్కున నవ్వింది.

ఆ తాళం ఎన్నాళ్లో నిలవలేదు. ఒక పొద్దున కుక్కరు మూత మొరాయించేసరికి అత్తగారు తనను తాను మరిచిపోయింది.

"పాడు మూత, నా ప్రాణానికి దాపురించింది. ఇదేమో మిషను తొక్కీ తొక్కీ మోకాళ్లు అరగదీసుకుంటోంది. కాస్త ఆగవే తల్లీ అంటే వినదు. వినబడితే కదా పాపం, వినడానికి."

వెనక గుమ్మంలో నిలబడి టైలరమ్మ ప్రతి అక్షరమూ చదివింది. తన మీద ఏవో చాడీలుంటాయని ఎప్పటినుంచో అనుమానం. తీరా చూస్తే, మోకాళ్లు!

"వినబడింది అత్తయ్యా," అంది.

ముసలావిడ ఉలిక్కిపడి తిరిగింది. కోడలి కళ్లు తడిగా ఉండటం చూసి, కంగారు దాచుకోవడానికి గదమాయించింది. "అయితే కూర్చో. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి."

అలా రోజులు తేలికగా జరిగిపోతుండగా ఒకనాడు బడి పంతులమ్మ కొత్త జాకెట్టు సరిపోయిందో లేదో చూసుకోవడానికి కొట్టుకు వచ్చింది. తెర వెనక ఉండగా ఆమెకు ఫోను వచ్చింది. "స్కాన్‌లో గడ్డి ఉందన్నారు. ఆయనకింకా చెప్పలేదు. నువ్వూ చెప్పకు," అని అక్షరాలు నడిచాయి. గడ్డి కాదు, గడ్డ. టైలరమ్మకు వెంటనే అర్థమైంది. తలుపు సందులోంచి తొంగి చూసినంత తప్పనిపించి, గబుక్కున కళ్లద్దాలు తీసి బల్ల మీద బోర్లించింది. తనకేమీ తెలియనట్టే పంతులమ్మకు జాకెట్టు మడిచి ఇచ్చింది.

ఆ తర్వాత కంపెనీ అమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చి పక్కన కూర్చుంది. "ఇది తప్పుగా రాసిన మాటలు ఇక్కడ చేరతాయి ఆంటీ. మీరు సరిచేస్తే ఇంకా బాగా నేర్చుకుంటుంది."

తెర మీద మొదట కనబడింది ఆ గడ్డి మాటే.

"ఇది నీ దగ్గరికెలా వచ్చిందమ్మా?"

"అన్నీ మా దగ్గరికి వస్తాయి. మొదటిరోజు మీరు సరేనని నొక్కారు కదా."

"నేను నొక్కాను. ఆవిడ నొక్కలేదుగా?"

ఆ అమ్మాయి తల దించుకుంది. "నాకూ ఇది గుచ్చుతూనే ఉంది ఆంటీ. ఆఫీసులో అడిగితే, పేర్లేమీ ఉండవుగా, తర్వాత చూద్దాంలే అన్నారు."

టైలరమ్మ కళ్లద్దాలు పెట్టెలో పెట్టి ఆమె చేతికిచ్చేసింది. ఇంట్లో కూతురు నెత్తి కొట్టుకుంది. అత్తగారు ముఖం ముడుచుకుని మళ్లీ పొయ్యి వైపు తిరిగింది. అన్నిటికన్నా కష్టమైంది పంతులమ్మకు చెప్పడం. ఇంటికి వెళ్లి జరిగినదంతా చెప్పింది. పంతులమ్మ ముఖం కందిపోయింది. "మీరు చెప్పారు, అది చాలు. ఇక వెళ్లండి," అన్న పెదాలు టైలరమ్మకు స్పష్టంగానే కనబడ్డాయి.

వానలు మొదలయ్యే వేళకు కంపెనీ అమ్మాయి మళ్లీ వచ్చింది. ఆఫీసులో పెద్ద రభసే అయిందట. పెట్టుబడి పెట్టేవాళ్లు ముఖాలు చిట్లించారట. ఆఖరికి, మాటలు అద్దం దాటి ఎక్కడికీ పోకుండా, చదివిన వెంటనే చెరిగిపోయేలా మార్చారు. పంతులమ్మ మాటలు తుడిచేశామని చూపించి, కళ్లద్దాల పెట్టె మళ్లీ ఆమె ముందు పెట్టింది.

"కాకపోతే తప్పులు ఎక్కువగా వస్తాయి ఆంటీ. కాస్త ఆలస్యంగా కూడా రాస్తుంది."

"రానీ. తప్పులు నాకు కొత్తా?" అంది టైలరమ్మ.

కొట్టు ముందు ఒక అట్ట వేలాడదీసింది: ఈ కళ్లద్దాలు మీ మాటలు నాకు రాసి చూపిస్తాయి, వద్దంటే తీసేస్తాను. కొందరు వద్దనేవారు, తీసేసేది. పంతులమ్మ మాత్రం మళ్లీ ఆ కొట్టు మెట్లెక్కలేదు. దారిలో ఎదురుపడితే తల ఊపేది, అంతే.

ఒక ఆదివారం గుడ్డలు కొనడానికి మొగుడితో కలిసి అతని వ్యానులో బయల్దేరింది. బేకరీకి రొట్టెలు మోసే వ్యాను అది. నడిపేటప్పుడు అతని ముఖం రోడ్డు వైపే ఉంటుంది కాబట్టి, పెళ్లయినప్పటినుంచీ వ్యానులో ఇద్దరి మధ్యా మాటల్లేవు. మలుపు తిరుగుతుండగా కళ్లద్దాల్లో "పాట" అని పడింది. ఆమె రేడియో వంక చూసింది. ఆపేసే ఉంది.

"ఏవండీ, మీరు పాడుతున్నారా?"

"నేనా? అబ్బే, లేదే."

"ఇది పాట అంటోంది."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "అదేదో అలవాటులే. బండెక్కితే వస్తుంది."

"ఎప్పటినుంచి?"

"నిన్ను మొదటిసారి ఎక్కించుకున్నప్పటినుంచీ అనుకో. ఎంత చెడ్డగా పాడినా నువ్వు ఆపమనవు కదా."

ఆమె నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. ఇన్ని ప్రయాణాలూ కిటికీలోంచి చెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. పక్కనే ఇంత సంబరం నడుస్తోందని కలలో కూడా అనుకోలేదు.

"గట్టిగా పాడండి," అంది.

అతను గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు. అక్షరాలు ఒక్కొక్కటే ఆలస్యంగా, సగం తప్పులతో, లేతాకుపచ్చగా వచ్చి వెళ్లసాగాయి. సిగ్నలు దగ్గర పక్క బండిలో వాళ్లు తొంగి చూసేసరికి సిగ్గుపడి ఆపబోయాడు.

"ఆపకండి," అంది టైలరమ్మ.