వాకిట్లో ముగ్గుపిండి సొరంగం

ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో మేమిద్దరం ఒకే క్లాసు. పెద్దలను ఒప్పించి పెళ్లి చేసుకున్నాం. పీహెచ్‌డీకి డబ్బిచ్చే ఫెలోషిప్ పరీక్ష కూడా కలిసే రాశాం. ఆమెకు వచ్చింది, నాకు పోయింది. రెండోసారి రాశాను, మళ్లీ పోయింది. ఆమె యూనివర్సిటీలో పరిశోధనకు చేరితే, నేను మల్లాపూర్‌లో టానిక్ సీసాల మూతలు చేసే ఫ్యాక్టరీలో చేరాను. మూత సరిగ్గా బిగుస్తోందో లేదో చూడటం నా ఉద్యోగం.

రెండేళ్లకు ఆమెను గైడు యూరప్‌లోని ఆ పెద్ద ఫిజిక్స్ ల్యాబ్‌కు ఏడాదిపాటు పంపించాడు. భూమి కింద గుండ్రటి సొరంగంలో ప్రోటాన్లను ఎదురెదురుగా పరుగెత్తించి గుద్దించే యంత్రం అక్కడ తయారవుతోంది. మేం హాస్టల్ మెస్‌లో కూర్చుని గంటలు గంటలు మాట్లాడుకున్న యంత్రమే అది. ఆమెను విమానం ఎక్కించి వస్తూ ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర చెరుకురసం తీసుకున్నాను. సగం గ్లాసు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను.

ఫ్యాక్టరీలో అందరికీ ఒకటే అనుమానం.

"అన్నా, వదినెను ఒక్కదాన్నే గంత దూరం పంపినవ్. జర గూడ ఫికర్ లేదా నీకు?" అని మెషీన్ ఆపరేటర్ ఒకతను దాదాపు రోజూ అడిగేవాడు.

నేను అదోలా నవ్వేవాణ్ణి. అనుకోనీ అనుకునేవాణ్ణి. పెళ్లాం మీద అనుమానమున్న మొగుణ్ణి చూసి లోకం జాలిపడుతుంది. నా అసలు కుళ్లు బయటపెడితే పడీ పడీ నవ్వుతుంది. ఆమె పక్క కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నది నాకు ఎన్నడూ పట్టలేదు. ఆమె కూర్చున్న కుర్చీ మీదే నా కన్నంతా. పరీక్షల ముందు లైబ్రరీ మెట్ల మీద నేను చెబితే రాసుకున్న మనిషి ఇప్పుడు హెల్మెట్ పెట్టుకుని లిఫ్టులో భూమి లోపలికి దిగుతోంది. నేను మూతలు తిప్పుతున్నాను. కడుపు మండకేం చేస్తుంది?

ఆదివారాలు నాచారం చౌరస్తాలోని ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి ఆమెతో మాట్లాడేవాణ్ణి. ఆమె ముఖం తెర మీద ముక్కలు ముక్కలుగా కదిలేది. "ఈ వారం డిటెక్టర్ దగ్గరికి తీసుకుపోయిన్రు తెలుసా…" అని మొదలుపెట్టగానే, "తిన్నవా? చలి ఉందా?" అని అడ్డుపడేవాణ్ణి. మంచి భర్తననుకునేది పాపం. గుద్దుకున్న కణాలను పసిగట్టే ఆ డిటెక్టర్ సంగతి వినే ఓపిక నాకు లేదు. వింటే వారమంతా నిద్ర పట్టేది కాదు.

ఏడాది కావస్తుండగా ఒక ఆదివారం ఆమె అంది: "ఇంకో ఏడాది ఉండమంటున్నరు. యంత్రం మొదలైనంకనే అసలు పని. అత్తమ్మ, నాయిన ఏమంటరో నువ్వే మాట్లాడు. వాళ్లు వద్దంటే వచ్చేస్త."

సరేనన్నాను. వాళ్లతో మాట్లాడలేదు. వాళ్లు వద్దనాలని నా కోరిక. అడక్కుండానే ఆ పని టీవీ చేసిపెట్టింది.

యంత్రం మొదలుపెట్టడానికి వారం ముందు నుంచి టీవీలో ఒకటే గోల. రేపో ఎల్లుండో భూమి ఆ యంత్రంలోకి కుంగిపోతుందట. నల్లటి సుడిగుండం ఒకటి తెర మీద గిర్రున తిరుగుతూ ఇళ్లనూ కొండలనూ మింగేది. అమ్మ అన్నం ముట్టడం మానేసింది. నాచారం ఊరు ఫ్యాక్టరీలకు పొలాలిచ్చినప్పుడు కూడా నిబ్బరంగా ఉన్న మనిషి, కోడలు గుర్తొచ్చినప్పుడల్లా కొంగు కళ్లకద్దుకునేది. రామంతాపూర్ నుంచి ఆమె నాన్న, మా మామ, స్కూటర్ మీద వచ్చి కూర్చున్నాడు. పక్కింటివాళ్లూ వచ్చారు. రేపే యంత్రం మొదలుపెడతారన్న సాయంత్రం అది.

"అల్లుడా, సదువు లేకున్న మానె, పిల్లను రమ్మని చెప్పు," అన్నాడు మామ.

"రమ్మను బిడ్డా. నాకు కాళ్లు చేతులు ఆడ్తలెవ్వు," అంది అమ్మ.

నేను చేయాల్సిందల్లా తల ఊపడమే. వచ్చే నెలకల్లా ఆమె ఇంట్లో ఉంటుంది, హెల్మెట్టూ లిఫ్టూ లేకుండా. నోట్లో మాట సిద్ధంగానే ఉంది.

అప్పుడే టీవీలో ఒకాయన, ఆ కణాల వేగానికి భూమి తిరగడం ఆగిపోతుందని చెప్పాడు. తెర మీద అతని పక్కనున్నాయన కూడా అవునన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటర్ పిల్లవాడు కూడా రాయని తప్పది! లేచి టీవీ కట్టేశాను.

ముగ్గుపిండి డబ్బా తీసుకుని అందరినీ వాకిట్లోకి రమ్మన్నాను. పెద్ద వలయం గీశాను. ఇటు నుంచి ఒక చుక్క, అటు నుంచి ఒక చుక్క. ప్రోటాన్ ఎంత చిన్నదో చెప్పాను. రెండు గుద్దుకుంటే పుట్టే శక్తి, మన నాచారం దోమలు రెండు ఎగురుతూ గుద్దుకున్నంతేనని చెప్పాను. అందరూ నవ్వారు. ఆకాశం నుంచి అంతకన్నా బలమైన కణాలు భూమి పుట్టినప్పటి నుంచీ మన నెత్తిన పడుతూనే ఉన్నాయి, భూమి కుంగిందా అని అడిగాను. మామ ప్రశ్నలు వేశాడు. నేను వలయం పక్కన ఇంకో బొమ్మ వేశాను. చేతులు, ముఖం, చొక్కా అంతా పిండి. ఎంతసేపు చెప్పానో నాకే తెలియదు. ఆ పూట నేను మూతల మనిషిని కాను.

చివరికి మామ లేచి, "నువ్వు జెప్పినంక ధైర్యమొచ్చింది అల్లుడా. గంత మంచి పనైతే మధ్యల ఎందుకు రావాలె? ఇంకో ఏడాది ఉండని," అన్నాడు.

అమ్మ కూడా, "ఉండని తియ్యి," అని లోపలికి వెళ్లి అన్నం పెట్టుకుంది.

స్కూటర్ చప్పుడు దూరమయ్యాక గానీ నేను చేసిన ఘనకార్యం నాకు తెలిసిరాలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది. వెనకాల చప్పట్లు వినిపిస్తున్నాయి. "మొదలైంది! తెర మీద చుక్క కనపడ్డది! నాయిన పొద్దుగాల ఫోన్ జేసి ఉండమన్నడు, ఎట్ల ఒప్పించినవ్ నువ్వు?" అని అరుస్తోంది. కంగ్రాట్స్ అన్నాను. తిన్నవా అని కూడా అడగలేకపోయాను.

ఫోన్ పెట్టేసి చూస్తే అమ్మ గడపలో కూర్చుని ఉంది. పొద్దున వాకిలంతా ఊడ్చింది కానీ, ఆ వలయం జోలికి మాత్రం పోలేదు.

"నిన్న ఎంత మంచిగ జెప్పినవ్ బిడ్డా. ఏం సదువుకోనిదాన్ని, నాకే సమజైంది," అంది. ఆ వలయం వైపు చెయ్యి చూపించి, "గింత తెల్సినోనివి, నువ్వెందుకు పోలే?" అని అడిగింది.

అన్నేళ్లలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. "పరీక్ష పోయింది కదమ్మా," అన్నాను.

"మల్ల రాయరాదు?"

"ఆ పరీక్షకు వయసు దాటిపోయింది," అని చెప్పి, టిఫిన్ డబ్బా తీసుకుని రెండో షిఫ్టుకు బయల్దేరాను.

దాటలేదు. ఆమెకు మల్లే నాకూ ఇంకో ఏడాది ఉంది.