సొట్ట పడ్డ గోదారి చెంబు

చింతపండు పులుసుతో ఇత్తడి చెంబు తోమినప్పుడల్లా ఆ వాసనతో పాటు అరచేతికి సొట్ట తగులుతుంది. ఇన్నేళ్లు తోమినా అది పోలేదు. నా మణికట్టు మీది పంటి గాటూ పోలేదు, దాన్ని పెట్టిన నూకాలు మీద కోపమూ పోలేదు.

తొంభైల్లో విశాఖ ఉక్కునగరంలో మా క్వార్టర్ వెనక ఎవరో కట్టుబడికి తెచ్చి వదిలేసిన ఇసక కుప్ప ఉండేది. వేసవి సెలవుల్లో, ప్లాంటు మసి ఆరేసిన బట్టల మీద వాలే సాయంత్రాల్లో, దాని మీద గోదారి తవ్వుకుని ఆడేవాళ్లం. రాజమండ్రి వైపు నుంచి వచ్చినవాళ్లం కాబట్టి గోదారి నేను. పక్కింటి అన్నదమ్ములు నాలో కలిసే ప్రాణహిత, ఇంద్రావతి. తల్లి చిన్నమ్మి మా సెక్టారుకు చేపల గంపతో వస్తే వెంట వచ్చే నూకాలు శబరి. తలో బకెట్టు ఒక్కసారి గుమ్మరిస్తే అగ్గిపెట్టెల ఊళ్లు కొట్టుకుపోయేవి, చీమలు గుట్టలుగా చచ్చేవి. ఎవరి గట్టు తెగితే వాళ్లు ఎదుటివాళ్ల మీద పడేవాళ్లు. మోచేతులు చీరుకుపోయేవి, పాలపళ్లు ఇసకలో రాలేవి.

వరండాలో ముంజలు ఒలుస్తూ నాయనమ్మ అనేది, "శబరి పొంగితే గోదారికి పిచ్చెక్కుద్దే. మా తమ్ముణ్ణి నా కళ్ల ముందే లాక్కుపోయింది." అయినా ఆ గోదారి నీళ్లే ఈ చెంబులో పోసి, మూతికి గుడ్డ కట్టి దేవుడి గూట్లో దాచుకుంది. "పోయేటప్పుడు నా గొంతులో ఈ చుక్కే పడాలి" అనేది.

ఒకరోజు నూకాలు నా గట్టును కాలితో తన్ని, "మీ గోదారి ఎంత బలిసినా ఆకర్న మా సంద్రంలోకే రావాల గదేటే!" అంది. అన్నదమ్ములిద్దరూ పగలబడి నవ్వారు. నేను లోపలికి పరిగెత్తి, చెంబు తెచ్చి, గుడ్డ పీకి, "ఇదిగో అసలు గోదారి!" అని మొత్తం కాలవలో పోసేశాను. ఇసక ఒక్క గుటకలో తాగేసింది.

"ఏటే, ఇంతేనేటి నీ గోదారి?"

ఖాళీ చెంబుతో నూకాలు కనుబొమ్మ మీద కొట్టాను. రక్తం కారుతుండగానే ఆమె నా మణికట్టు కొరికి, జుట్టు పట్టి నా ముఖాన్ని తడి ఇసకలో అదిమింది. డ్యూటీ దిగి వచ్చిన నాన్న బెల్టుతో నన్నే వాయించాడు. నూకాలే ముందు నా గట్టు తన్నిందన్నా వినలేదు. చెంబులో ఏముండేదో ఎవరూ అడగలేదు. ఏడుస్తూనే చెంబులో పంపునీళ్లు పట్టి, గుడ్డ కట్టి గూట్లో పెట్టేశాను.

ఆ వానాకాలమే నాయనమ్మ మంచాన పడింది. చివరి ఉదయం నాన్న తులసాకుతో ఆ నీళ్లు నోట్లో పోస్తుంటే, చూడవచ్చిన చిన్నమ్మి పక్కన, కనుబొమ్మ మీద కుట్ల మచ్చతో నూకాలు నిలబడి ఉంది. నేను కాక, జరిగిందంతా తెలిసి ఆ గదిలో ఉన్నది ఆమె ఒక్కతే.

"గోదారే... తియ్యగా ఉందిరా" అంది నాయనమ్మ.

నూకాలు నా వైపు చూసింది. పెదవి కదిపింది. తల దించుకుంది.

ఇసక కుప్ప ఉన్నచోట ఇప్పుడు కార్ల షెడ్డు ఉంది. చేపలు మంచుపెట్టెల దుకాణాల్లో దొరుకుతున్నాయి. ఆ తల్లీకూతుళ్లు ఎక్కడున్నారో తెలియదు. ఆ తన్ను, ఆ వెక్కిరింత, ఆ కాటు ఇవాళ ఎదురుపడినా తిరిగి ఇచ్చేస్తాను. ఆ రోజు నోరు మూసుకుని నాకు చేసిన మేలును మాత్రం ఎలా తిరిగి కొట్టాలో తెలియదు.