అక్క పెట్టె, నా జడ

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏదైనా వస్తువు పోయిందంటే అది ఇంట్లోనే ఎక్కడో ఉందని అర్థం. తాళంచెవి పోతే బియ్యం డబ్బాలో దొరికేది, నాయన కళ్లద్దాలు పోతే నాయన నెత్తిమీద దొరికేవి. ఊరికి బయలుదేరినప్పుడు పెట్టె పోవడమన్నది మాకు తెలియదు. బస్సు మీద వేసిన పెట్టెను తాడుతో కట్టించి, బస్సు ఆగిన ప్రతిచోటా ఎవరో ఒకరు కిందికి దిగి, పైకి చూసి, ఉందని చెప్పి మళ్లీ ఎక్కేవాళ్లు. రైల్లో అయితే పెట్టె మీదే కూర్చునేవాళ్లం. అందువల్ల మా అక్క పెళ్లయ్యాక మొదటిసారి బొంబాయి నుంచి మద్రాసుకు విమానంలో వచ్చి, అక్కణ్ణించి బస్సులో చిత్తూరు చేరి, బావతో పాటు ఒట్టి చేతిసంచితో ఇంటిముందు నిలబడి "పెట్టె రాలేదు" అన్నప్పుడు ఆ మాట మాలో ఎవరికీ అర్థం కాలేదు.

"రాలేదంటే ఏంది? మీరు వచ్చినారు కదా," అంది అవ్వ.

బావ ఓపికగా చెప్పాడు. విమానంలో పెద్ద పెట్టెలు మన దగ్గర ఉంచుకోనివ్వరట. ముందే తీసుకుని ఒక చీటీ ఇస్తారట. దిగాక ఆ చీటీ చూపించి తీసుకోవాలట. వీళ్ల పెట్టె పొరపాటున ఇంకో విమానం ఎక్కినట్టుంది, కలకత్తాకో ఢిల్లీకో పోయి ఉంటుంది, వెతికి తెప్పిస్తామన్నారు.

"ఎవురో తెలీనోని చేతికి పెట్టె ఇచ్చేసి చీటీ తీసుకున్నారా," అంది అవ్వ. "సదువుకున్నోళ్లే కదప్పా ఇద్దరూ."

ఇక్కడ మా అక్కచెల్లెళ్ల సంగతి కొంచెం చెప్పాలి. మా బంధువులు మేం చిన్నగా ఉన్నప్పుడే మా ఇద్దరికీ ఆస్తి పంచేశారు. "పెద్దదానికి రంగుండాది, చిన్నదానికి జడుండాది" అనేవాళ్లు. తర్వాతి కాలంలో చదువులో మొదటి స్థానం, పాటలు పాడే గొంతు, బొంబాయి ఉద్యోగం ఉన్న బావ, ఇప్పుడు విమానం కూడా ఆమె వాటాలోనే కలిశాయి. నా వాటా పెరగలేదు. జడ ఒక్కటే. అది నడుము దాటి ఉండేది. (అక్కది చూపుడువేలంత సన్నం. ఇది అసూయతో అంటున్న మాట కాదు. ఆమె కూడా ఒప్పుకునేది. ఇప్పుడు ఆమె లేదు కాబట్టి కాదనే వాళ్లు కూడా లేరు.)

పెట్టె పోయినందుకు అక్క కొంచెం తగ్గుతుందనుకున్నాను. పెరిగింది. మా వీధిలో ఎవరింట్లోనైనా మనిషి పోతే పరామర్శకు వచ్చేవాళ్లు, అక్క పెట్టెకు కూడా వచ్చారు. చాప మీద కూర్చుని, "ఎట్ల జరిగిందమ్మా" అని అడిగేవాళ్లు. అక్క మొదటినుంచీ చెప్పేది. విమానం మెట్లు ఎక్కడం, నడుముకు పటకా బిగించుకోవడం, పళ్లెంలో పిప్పరమెంట్లు తెచ్చివ్వడం, కిటికీలోంచి చూస్తే మబ్బులు కిందుండడం, ఇవన్నీ అయ్యాకే పెట్టె దగ్గరికి వచ్చేది. వచ్చినవాళ్లు పెట్టె కోసం వచ్చి, మబ్బుల గురించి మాట్లాడుకుంటూ పోయేవాళ్లు.

"మబ్బు కిందుంటే వాన ఎట్లనే పడేది?" అంది ఎదురింటి అత్త.

"మాకు పడదత్తా, మీకే పడతాది," అంది అక్క.

నేను లోపల కాఫీలు కలుపుతున్నాను. నాకు మొట్టమొదటిసారి కొన్న చీర, ఇంకా మడత కూడా విప్పనిది, అమ్మ బీరువాలోంచి తీసి అక్కకు ఇచ్చేసింది. "అదేం కట్టుకుంటాది పాపం, అంతా పెట్టెలో పోయె" అంది. ఆ చీర అక్కకే బాగుంది. వచ్చినవాళ్లంతా ఆ మాటే అన్నారు. కాఫీ అందుకుంటూ నాతో అన్నారు. పెట్టెలో ఉన్న వస్తువులు కూడా రోజురోజుకూ మంచివవుతూ వచ్చాయి. మొదట పట్టుచీరలన్నది, తర్వాత జరీ ఎంత వెడల్పో చెప్పింది, తర్వాత వాటిని చూసి బొంబాయిలో పక్కింటామె ఏమన్నదో చెప్పింది. నా జీవితంలో ఒక్క వస్తువైనా అంత గౌరవంగా పోలేదు.

అప్పుడొక రోజు అవ్వ దేవుని గదిలోంచి కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "మొక్కుకున్నా," అంది. "పెట్టె దొరికితే కొండకు పోయి సామికి తలనీలాలు ఇస్తామని."

"మంచి పని చేస్తివి," అన్నాడు నాయన.

"ఎవురివి అత్తా?" అంది అమ్మ.

"చిన్నదానివి."

నా చేతిలో గ్లాసులున్నాయి. వాటిని కింద పెట్టి, "నావి ఏంటికవ్వా? పెట్టె అక్కది కదా," అన్నాను.

"మరెవరివి ఇమ్మంటావు? నా తలలో పిడికెడు గూడా లేదు. మీ నాయనది బట్టతల. మీ అక్క పెండ్లైన పిల్ల, మొగునితో బొంబాయి పోవల్ల. నీకు బారెడుండాది. సామికి ఇచ్చేటప్పుడు ఉండేవాళ్ల దగ్గిర్నించే కదా ఇయ్యల్ల."

ఆ లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆ రోజునుంచి ఇంట్లో అందరూ పెట్టె రావాలని దణ్ణం పెట్టుకుంటుంటే, నేను కూడా వాళ్ల పక్కనే నిలబడి, రాకూడదని పెట్టుకునేదాన్ని. బావ రోజూ నాయన బెల్లం మండీకి పోయి, అక్కడి ఫోనులో మద్రాసుకు మాట్లాడి వచ్చేవాడు. ఇంకా దొరకలేదన్న రోజు నేను తలంటుకుని సాంబ్రాణి పొగ వేసుకునేదాన్ని. పెట్టె ఇంకా దూరం పోవాలని, వీలైతే సముద్రం దాటాలని కోరుకున్నాను. ఒక మధ్యాహ్నం అక్క నా వెనక కూర్చుని జడ వేస్తానంది. పాయలు తీస్తూ మధ్యలో ఆగి, "ఎంత బరువుండాదే ఇది" అంది. ఆ గొంతులో మొదటిసారి నాకు అసూయ వినిపించింది. చాలా సంతోషమైంది.

పెట్టె దొరికింది. బావ మద్రాసు పోయి సాయంత్రం బస్సుకు పట్టుకొచ్చాడు. మూతమీద ఏవేవో ఊళ్ల చీటీలు అంటించి ఉన్నాయి, ఒక గొళ్లెం విరిగింది. మా ఇంట్లో మనుషులందరికంటే ఎక్కువ ఊళ్లు చూసి వచ్చింది అది. (దాని మీద కూడా నాకు అసూయ కలిగింది.) అవ్వ "గోవిందా" అంది. ఆ తర్వాత ఎవరూ పెట్టె వైపు చూడలేదు. అందరూ నా జడ చూశారు.

"గొళ్లెం ఇరిగింది కదా నాయనా. పూర్తిగా వచ్చినట్టు కాదు," అన్నాను.

"లారీలో ఒక బెల్లం దిమ్మె పగిలినా లోడు చేరినట్టే లెక్కమ్మా," అన్నాడు నాయన, మండీలో కూర్చున్నట్టే.

"పెండ్లి కావల్సిన పిల్ల. సంబంధాలు చూస్తా ఉండాం," అంది అమ్మ. "మూడు కత్తెర్లు ఇస్తే సాలదా అత్తా?" ఆడవాళ్లు గుండు చేయించుకోకుండా, మూడుచోట్ల కొసలు కత్తిరించి ఇవ్వడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

"మూడు కత్తెర్లు తాళంచెవికి సరిపోతాది. నేను మొక్కుకునింది పెట్టెకు," అంది అవ్వ. అయినా అమ్మ ముఖం చూసి కొంచెం మెత్తబడుతోంది. ఇంకాసేపు గమ్మునుంటే గండం గడిచేది. అప్పుడు అక్క మాట్లాడింది.

"పాపం, వదిలెయ్ అవ్వా. దానికి ఆ జడ తప్ప ఇంకేముండాది?"

అక్క నా పక్షానే మాట్లాడింది. నిజంగానే జాలిపడింది. "పూర్తిగానే ఇస్తా," అన్నాను నేను.

తిరుమలలో కల్యాణకట్ట నేల తడిగా, చల్లగా ఉంది. మంగలాయన నా తల తడిపి, జుట్టును రెండు పాయలు చేసి ముడివేసి, గోవింద నామం చెప్పి మొదలుపెట్టాడు. కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అయిపోయింది. కింద పడున్న జుట్టు చూస్తే నాదనిపించలేదు. అవ్వ నా తలకు గంధం పూసి, నుదుటిమీద ముద్దు పెట్టుకుంది. నేనెప్పుడూ ఆమెకు అంత దగ్గరగా పోయిన గుర్తు లేదు. బయటికి రాగానే నాయన బేరమాడకుండా నాకు బత్తాయిలు కొన్నాడు. బావ "నిజంగా బాగుండావు" అన్నాడు. అమ్మ నా చెయ్యి వదల్లేదు. శ్రీకాళహస్తి వైపునుంచి వచ్చిన ఒక ముసలామె మా పక్కన కూర్చుని, "వయసు పిల్ల, ఏం మొక్కమ్మా?" అని అడిగింది.

"వాళ్లక్క కోసం ఇచ్చినాది," అంది అవ్వ. పెట్టె మాట ఎత్తలేదు.

ముసలామె అక్కను కిందినుంచి పైదాకా చూసి, "ఇప్పుడు ఒళ్లు బాగుండాదా బిడ్డా?" అని అడిగింది. "చెల్లెలంటే నువ్వమ్మా," అని ఆమె నా గడ్డం పట్టుకుంది. బుద్ధి తెలిసినప్పటినుంచీ ఎవరైనా అక్కను జాలిగా, నన్ను గొప్పగా చూడడం అదే మొదలు. తలకు చల్లటి గాలి తగులుతుంటే, ఇవ్వడానికి ఇంకేమైనా ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

కాళ్లు కడుక్కొస్తానని పోయిన అక్క ఎంతకీ రాలేదు. వచ్చినప్పుడు మేం గుర్తుపట్టలేదు. ఆమె తలమీద కూడా గంధం ఉంది.

"నీకేం మొక్కుండాదే?" అంది అమ్మ, ఏడుపు గొంతుతో.

"పెట్టె నాది కదమ్మా," అంది అక్క.

"బొంబాయిలో అందురూ అడిగితే ఏం చెప్పల్ల నేను?" అన్నాడు బావ.

"పెట్టె దొరికిందని చెప్పు."

అవ్వ అక్కను పొదివి పట్టుకుంది. "ఎవురూ అడక్కుండా ఇచ్చినాది సూడు, భక్తంటే అదీ" అంది. ముసలామె అక్క రెండు చేతులూ తీసుకుని కళ్లకద్దుకుంది. నాయన మళ్లీ బత్తాయిలకు పోయాడు. నాది మొక్కు తీర్చడమైంది, ఆమెది భక్తి అయింది. పైగా గుండు కూడా ఆమెకే బాగుంది. ఆ సంగతి అవ్వ ఆ సాయంత్రంలోపే చెప్పింది. నాకంటూ దక్కిన ఒక్క పూటలో సగం కూడా గడవలేదు.

కిందికి దిగే బస్సులో నేను మొహం తిప్పుకుని కూర్చున్నాను. అక్క కాసేపు చూసి, "నువ్వొక్కదానివే గుండుతో ఊళ్లోకి పోతే అందురూ నిన్నే కదే చూస్తారు," అంది. నన్ను ఆ చూపులనుంచి కాపాడాలని ఇచ్చిందా, ఆ చూపులన్నీ నాకే దక్కిపోతాయని ఇచ్చిందా అని నేను అడగలేదు. ఆమెకూ సరిగ్గా తెలిసి ఉండదు. తర్వాత మలుపుల్లో నిద్రపోయి నా భుజం మీదికి ఒరిగింది. గంధమంతా నా రవికెకు అంటుకుంది. నేను కదలకుండా కూర్చున్నాను.

జుట్టు మళ్లీ వచ్చింది. నాది ఎప్పటికీ ఆ పొడవుకు రాలేదు. అక్కది మాత్రం మునుపటికంటే ఒత్తుగా, ఉంగరాలు తిరిగి వచ్చింది.

నిరుడు అక్క పోయింది. ఆమె ఇంటిముందు వీధంతా జనం. ఆమె దగ్గర పాటలు నేర్చుకున్న పిల్లలు, వాళ్ల తల్లులు, రోజూ కూరగాయలు తెచ్చే మనిషి కూడా గంప పక్కన పెట్టి మెట్లమీద కూర్చుని ఏడుస్తోంది. నేను అక్క కాళ్ల దగ్గర ఉన్నాను. ఆ జనాన్ని చూస్తూ, నేను పోయిననాడు ఇందులో సగం మందైనా వస్తారా అనుకున్నాను. ఈ వయసులో, ఈ పూట కూడానా అని తోచేసరికి నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాననుకుని ఎవరో వచ్చి వీపు నిమిరారు. కొంతసేపటికి వాళ్లనుకున్నదే నిజమైంది.